గీత కార్మికునికి రక్షణ కవచం

తెలంగాణ పల్లెలలో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుని సాధనాలు తరతరాలుగా వస్తున్నవే. నడుమును, మానును కలిపి చుట్టే మోకు, పాదాలకు గుజి, కత్తులు పెట్టుకొనే ముస్తాదు వీటిలో ముఖ్యమైనవి. కార్మికుడు వెనుకకు వాలినప్పుడు అతని బరువు వల్లనే మోకు మానును బిగించి పట్టుకొంటుంది. వర్షానికి తడిసిన మానుపై కాలు జారితే ఆ పట్టు సడలుతుంది. అప్పుడు అతనిని ఆపగల రెండవ ఆధారం ఉండదు.

ఈ లోటును తీర్చటానికే తెలంగాణ ప్రభుత్వం 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో 'కాటమయ్య రక్షణ కవచం' పంపిణీని ప్రారంభించింది. కాటమయ్య గౌడుల కులదైవం. కాలు జారినా, మానుకు బిగిసే తాడు, నడుముకు తొడలకు కట్టిన పట్టీలు మనిషిని పడిపోకుండా నిలపాలన్నది ఇందులోని ఏర్పాటు.

ఈ సమస్య ఒక్క ప్రాంతానిది కాదు. కేరళలో కొబ్బరిచెట్లు ఎక్కేవారు కరువైనప్పుడు, కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో యువతీయువకులకు యంత్రసాధనంతో చెట్టెక్కటంలో శిక్షణ ప్రారంభించింది.

అయితే ఏ పరికరమైనా పరీక్షించి వాడినప్పుడే రక్షిస్తుంది. తాడులో తెగిన పోగులను, పట్టీల కుట్లను ప్రతి ఉదయం చూసుకోవాలి. చేయి తిరిగిన కార్మికునికి సైతం ఇది అవసరమే. అతని రాక కోసం ఇంట ఒక కుటుంబం ఎదురుచూస్తూ ఉంటుంది.