రంగు చెప్పు సాక్ష్యము

వెఱ్ఱి వేయి విధములని మన పెద్దలు చెప్పుదురు. ఆ వేయింటిలో ఒకదానిని గూర్చి నేడు చదువరులకు విన్నవింపదలచితిమి. పైకి చూచిన అది పిల్లల ముచ్చట. ఒకమాఱు నవ్వి యూరకుండదగినంత అల్పవిషయము. కాని దాని వెనుకనున్న వర్తకనీతిని విచారించినచో ఆ నవ్వు నిలువదు. అది మన యింటి వంటచావడివఱకును, మన పొలముల కల్లములవఱకును వచ్చు విషయమని తోచును.

క్రీ. శ. 2000 సంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రములయందు, పిట్స్‌బర్గు నగరమునకు చెందిన హైన్జ్ కంపెనీవారు ఆకుపచ్చని కెచప్పును బజారున పెట్టిరి. కెచప్పనగా టొమాటో పండ్ల గుజ్జును వెనిగరు, చక్కెర, ఉప్పు, సంబారములతో చిక్కగా వండిన వ్యంజనము. టొమాటోను మన పెద్దలు రామములగ యనిరి. ఎఱ్ఱని పండు, ఎఱ్ఱని గుజ్జు; కనుక కెచప్పునకు ఎఱుపే సహజవర్ణము. ఆ యెఱుపును మఱుగుపఱచి, కృత్రిమవర్ణములు చేర్చి, దానిని పచ్చగా చేసిరి. 2001 లో ఊదారంగు వచ్చెను. పిదప గులాబి, నారింజ, నీలిపచ్చ వన్నెలు. 2003 నాటికి నీలము. ఈ సరకునకు ఈజీ స్క్వర్ట్ అని పేరు పెట్టిరి.

ఆ సీసా నిర్మాణమే దాని యుద్దేశమును చాటుచుండెను. మెత్తని ప్లాస్టిక్ సీసా. చిన్నచేతిలో ఇముడునట్టి ఆకారము. మూతియందు సన్నని రంధ్రము. బాలుడు దానిని నొక్కినంతనే సన్నని ధార వెలువడును. ఆ ధారతో రొట్టెమీద బొమ్మలు గీయవచ్చును, తన పేరు వ్రాసికొనవచ్చును. వ్యంజనము సిరాబుడ్డియై, పళ్లెము పలకయైనది. తల్లుల మనస్సమాధానమునకై సి విటమినును చేర్చితిమని చెప్పిరి.

తొలి యేడుమాసములలో కోటికి పైగా సీసాలు అమ్ముడుపోయెను. అంగడివారు సంతోషించిరి, పత్రికలు వింతగా వ్రాసెను. కాని పచ్చనిది చూచిన కన్నులు ఊదాను కోరెను, ఊదాను చూచినవి నీలమును కోరెను. కోరుటకు వేఱొక రంగు మిగులకపోగా వేడుకయు తీరెను. 2006 నాటికి ఆ సరకు అంగళ్లలో లేకుండ పోయెను. ఎఱ్ఱని కెచప్పు మాత్రము యథాప్రకారముగా నిలిచియున్నది.

ఇందులో మేము ముఖ్యముగా గమనింపదలచినది బేరము నడిచిన తీరు. సంసారమునకు కావలసిన ఉప్పు, పప్పు, నూనెలను ఎంచువారు పెద్దలు. వారు ధర చూతురు, రుచి చూతురు, నాణ్యము విచారింతురు. ఈ సరకు విషయమున వర్తకుడు ఆ పెద్దలతో బేరమాడలేదు. తల్లి కొంగు పట్టుకొని నిలిచిన బిడ్డతో బేరమాడెను. బిడ్డకు ధర తెలియదు. నాణ్యము పరీక్షించు నేర్పు లేదు. తెలిసినదెల్ల రంగు, ఆట, మారాము. ఆ మారామునే వర్తకుడు తన దళారిగా నియమించుకొనెను. సొమ్ము తండ్రిది, నిర్ణయము శిశువుది, లాభము కంపెనీది.

ఈ కంపెనీ పూర్వచరిత్ర ఎఱిగినవారికి ఈ కథ మఱింత విచిత్రముగా కనబడును. హెన్రీ జాన్ హైన్జ్ 1869 లో వ్యాపార మారంభించినపుడు, హార్స్‌రాడిష్ అను కారపుదుంపను తురిమి సీసాలలో అమ్మెడివాడు. ఆ కాలమున ఇతరులు ముదురురంగు గాజుసీసాలను వాడుచుండిరి. అందులో టర్నిప్ దుంపల తురుము కలిపినను కొనువానికి కనబడదు. హైన్జ్ తన సరకును తేటగాజుసీసాలలో పెట్టెను. ఉన్నది ఉన్నట్లు చూచి కొనుడని ఆ సీసాయే చెప్పుచుండెను. 1876 మొదలు కెచప్పు చేయసాగెను. ఆనాడు పెక్కు కార్ఖానాలలో టొమాటో తొక్కలు, పాఱవేయదగిన ముక్కలు ఉడుకబెట్టి, వాని వెలవెలపాటు కనబడకుండ తారునుండి తీసిన ఎఱ్ఱరంగు కలిపి, చెడకుండుటకు బెంజోయేటు వేసి అమ్మెడి ఆచారముండెను. అమెరికా వ్యవసాయశాఖలో ప్రధాన రసాయనశాస్త్రజ్ఞుడైన హార్వే వైలీ ఇట్టి కల్తీలపై పోరాడెను. హైన్జ్ కంపెనీ ఆయన పక్షమున నిలిచెను. బాగుగ పండిన పండ్లను వాడి, వెనిగరును చక్కెరను హెచ్చించి, బెంజోయేటు లేకుండనే కెచప్పు నిలువయుండునని చేసి చూపెను. 1906 లో థియోడర్ రూజ్వెల్టు అధ్యక్షుడు సంతకము చేసిన పరిశుద్ధాహార చట్టమునకు ఆ కంపెనీ బలమైన మద్దతునిచ్చెను.

ఇతరులు రంగుతో లోపమును కప్పుచుండగా, కప్పవలసిన లోపము మాకు లేదని చెప్పి పేరు గడించిన సంస్థ అది. నూఱేండ్లు నిండకుండగనే ఆ సంస్థయే నిక్షేపమువంటి ఎఱుపును తానే కప్పివైచెను. మొదటివారు రంగు పూసినది చెడును మంచిగా చూపుటకు. వీరు రంగు పూసినది మంచిని ఆటవస్తువుగా చూపుటకు. న్యాయముగా చెప్పవలెనన్న, ఇందు చట్టవిరోధ మేమియు లేదు. వాడినవి ఆ దేశమున అనుమతింపబడిన రంగులే. మేము దానిని మోసమనము. మా యభ్యంతరము మఱొకటి.

మన యిండ్లలో రంగు వట్టి సొగసు కాదు; అది సాక్షి. పసుపుకొమ్మును విఱిచి లోని వన్నె చూచి గాని గృహిణి కొనదు. మిరపకాయ యెఱుపును చూచి ఆవకాయకు తగునో తగదో నిశ్చయించును. నల్లబడిన చింతపండు పాతదని పిల్లలకు సైతము తెలియును. వాడిన గోంగూర కట్టను పెరటిలోనికి విసరును. పండు పక్వమైనదనియు, ఆకు లేతదనియు, పచ్చడి పాడైనదనియు ముందుగా చెప్పునది కన్ను, పిదప ముక్కు, తుదకు నాలుక. ఈ విద్యను ఏ పాఠశాలయు నేర్పదు. అమ్మమ్మ ప్రక్కన పీటపై కూర్చుండి పచ్చడి కలుపుట చూచిన పిల్ల దానిని నేర్చుకొనును. టొమాటో నీలముగా నుండవచ్చునని నమ్మి పెరిగిన శిశువునకు ఆ సాక్షి మాట యెట్లు వినబడును? వర్తకుడు పాడుచేసినది వ్యంజనమును కాదు, చూచి తెలిసికొను శక్తిని.

ఈ రంగుల పుట్టుకయు తెలిసికొనదగినది. 1856 లో లండనునందు పదునెనిమిదేండ్ల విలియం పెర్కిన్ తారు సంబంధమైన పదార్థములతో ప్రయోగము చేయుచు ఊదారంగు నొకదానిని కనుగొనెను. అదియే ఈ కృత్రిమవర్ణములకు నాంది. పదునాలుగేండ్లు తిరుగకుండగనే మంజిష్ఠవేరులోని ఎఱుపును రసాయనశాలలో చేసిరి. 1897 లో జర్మనులు కృత్రిమనీలిని అమ్మసాగిరి. బందరు కలంకారీ అద్దకమునకు వన్నె తెచ్చిన చిరివేరునకు పూర్వపు గిరాకి పోయెను. నీలిమందు సాగు క్షీణించెను. మొదట బట్టలకై పుట్టిన రంగులలో కొన్ని క్రమముగా విస్తరిలోనికి వచ్చినవి. నేడు వానికి ముడిసరకు ముఖ్యముగా పెట్రోలియమునుండి లభించుచున్నది.

వీనివలన హాని కలదా యని చదువరులు అడుగవచ్చును. అతిశయోక్తి మాకు ఇష్టము లేదు. 2007 లో ఇంగ్లండునందలి సౌథాంప్టన్ విశ్వవిద్యాలయమువారు మూడేండ్ల పిల్లలపైనను, ఎనిమిది తొమ్మిదేండ్ల పిల్లలపైనను పరీక్షలు జరిపి, కొన్ని రంగులను సోడియం బెంజోయేటుతో కలిపి త్రాగించినపుడు కొందఱిలో చాంచల్యము హెచ్చెనని లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఆ ప్రభావము స్వల్పమనియు, శిశువునకు శిశువునకు భేదమున్నదనియు, ఏ రంగు దోషమో తేలలేదనియు ఇతర నిపుణులు చెప్పిరి. అయినను యూరోపు సమాఖ్యవారు ఉపేక్షింపక, 2010 జూలై నుండి ఆరు రంగులకు సంబంధించి, పిల్లల నడవడికిని ఏకాగ్రతకును చెఱుపు కలుగవచ్చునను హెచ్చరికను చీటీపై ముద్రింపవలెనని విధించిరి. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వము ఎఱుపు మూడవ నెంబరు రంగునకు ఆహారములలో అనుమతిని రద్దుచేసెను. అదే సంవత్సరము జూన్ మాసమున, 2015 లో క్రాఫ్ట్ సంస్థతో కలిసి క్రాఫ్ట్ హైన్జ్‌గా మారిన ఆ పాత కంపెనీయే, అమెరికాలోని తన సరకులనుండి కృత్రిమవర్ణములను 2027 ముగియులోపల తొలగింతునని ప్రకటించెను. తేటగాజునుండి బయలుదేరి నీలికెచప్పువఱకు పోయి, మరల తేటగాజు దిక్కునకే తిరిగినదన్నమాట.

పరదేశపు గొడవ మనకేల యనువారు ఒకమాఱు తమ యూరి బడి వాకిట నిలిచి చూడవలెను. గులాబిరంగు పీచుమిఠాయి, నాలుకకు రంగంటించు ఐసుపుల్లలు, ఎఱ్ఱగా మెఱయు వేపుడు ముక్కలు. అక్కడను బేరము బిడ్డతోడనే. 2024 ఫిబ్రవరిలో పీచుమిఠాయియందు రోడమిన్-బి అను రంగు కనబడగా పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వములు దాని అమ్మకమును నిషేధించెను. అది బట్టలకు వేయు రంగు. ఆహారమున దానికి అనుమతి లేదు. మార్చి మాసమున కర్ణాటక ప్రభుత్వము పీచుమిఠాయి, గోబీ మంచూరియా మొదలగువానిలో కృత్రిమవర్ణములు వాడరాదని శాసించెను. అమెరికా కెచప్పున ఉన్నవి అనుమతింపబడిన రంగులు. మన బండ్లమీద ఒక్కొక్కచోట ఉన్నవి అనుమతి లేనివి. కనుక నవ్వదగినవారము మనము కాము.

రైతుసోదరులకు ఇందు వేఱొక నష్టము కలదు. కల్లములో ఎండబోసి, తాలుకాయ ఏరి, మచ్చకాయ తీసివైచి, గుంటూరు యార్డునకు తెచ్చిన మిరపకాయకు ధర కట్టునపుడు రంగును చూచియే కట్టుదురు. ఆ యెఱుపు రైతు కష్టమునకు ప్రతిఫలము. సూడాన్ అను నూనెరంగును కారపుపొడిలో కలిపి, వెలసిన కాయను నిగనిగలాడు సరకుగా చూపు దుర్మార్గులు కొందఱు బయలుదేరిరి. 2003 లో మన దేశపు సరకులో ఆ రంగు కనబడగా, పరీక్షాపత్రము లేనిదే మిరప సరకును రానీయమని యూరోపువారు కట్టుదిట్టము చేసిరి. 2005 లో ఆ రంగు కలిసిన కారపుపొడి ఒక సాసులోనికి పోగా, బ్రిటనున వందలాది సరకులను అంగళ్లనుండి వెనుకకు తీసివేసిరి. పసుపులో మెటానిల్ యెల్లో అను రంగును కలుపువారి వలన దుగ్గిరాల, నిజామాబాదు రైతుల నిజమైన పసుపునకును అపనింద వచ్చును. ఒకడు కలిపిన రంగు వేయిమంది కల్లములలోని సహజవర్ణమును సందేహమున పడవేయును. రంగు అబద్ధము చెప్పనేర్చిన బజారులో నిజమునకు వెల తగ్గును.

అయిన కర్తవ్యమేమి? చట్టము కొంత చేసినది. పాఠశాల ద్వారమునుండి 50 మీటర్ల లోపల క్రొవ్వు, చక్కెర, ఉప్పు హెచ్చైన తిండ్లను అమ్మరాదని 2020 లో భారత ఆహారభద్రతా సంస్థ నిబంధన చేసెను. చిలీ దేశమువారు 2016 నుండి అట్టి తిండ్ల పొట్లములపై పిల్లలను ఆకర్షించు బొమ్మలను తొలగింపజేసిరి. కాని నిబంధన గెజెట్టులో నున్నంతమాత్రమున బడి వాకిలి బాగుపడదు. ఆ 50 మీటర్లను కొలిచి చూపవలసినవారు గ్రామపెద్దలు, పురపాలక సభ్యులు, విద్యార్థుల తలిదండ్రులు. బండివానిపై కోపింప బనిలేదు. అతడును బిడ్డలను పోషించుకొనువాడే. రంగు లేని సరకు అమ్మిన అతనివద్దనే కొందుమని నలుగురు కలిసి చెప్పిన, వాడు మాఱు పలుకక మానును.

ఇంటిలో చేయవలసినది అంతకంటె సులభము. చీటీపైని సన్నని అక్షరములను పెద్దలు చదివి కొనవలెను. మారాము చేసిన బిడ్డకు లేదని చెప్పు హక్కును వర్తకునకు ధారపోయరాదు. సెలవునాడు బిడ్డను వంటింటిలోనికి పిలిచి, రోటిలో పండుమిరపకాయలు నూఱుచుండగా ఆ యెఱుపు ఎక్కడనుండి వచ్చెనో చూపవలెను. ఒకమాఱు ఆ యెఱుపును చూచి, ముక్కు చీదుకొని, కన్నీరు తుడుచుకొని, నవ్విన బిడ్డను నీలికెచప్పుతో ఏ కంపెనీయు మోసపుచ్చజాలదు.