గాజుతొట్టెలోని సముద్రము – రెండు గొట్టముల పంపు

సముద్రజలమునందు లీటరొక్కింటికి రమారమి 35 గ్రాముల లవణములు కరగి యుండును. మహాసముద్రమున ఈ ప్రమాణము సంవత్సరము పొడవునను అత్యల్పముగా మాత్రమే చలించును గావున, అచట పుట్టి పెరిగిన ప్రవాళములు పెద్ద మార్పును సహింపజాలవు. వాటిని గాజుతొట్టెలో పోషింప బూనినవారికి రెండు చిక్కులు ఎదురగును. తొట్టెనుండి నీరు ఆవిరియై పోవునప్పుడు ఉప్పు నిలిచిపోవును. దీనికి మంచినీరు పోసిన చాలును. రెండవ చిక్కు గట్టిది. చేపలు విసర్జించు అమోనియాను సూక్ష్మజీవులు నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చుచుండగా ఆ నైట్రేటు దినదినము పేరుకొనును. ప్రవాళములు తమ కంకాళములను కట్టుకొనుటకై నీటిలోని కాల్షియమును ఎడతెగక గ్రహించుచుండును. పాత ఉప్పునీటిని కొంత తీసివేసి క్రొత్తది పోయుట దీనికి అందరెరిగిన మార్గము.

తొట్టెనీటి సంరక్షణ తొలుత చేతులతో జరిగిన పనియే. 1846లో ఆనా థిన్ అను ఆంగ్లవనిత టార్కీ తీరమునుండి ప్రవాళములను లండనునకు గొనివచ్చి, అవి యున్న సముద్రపునీటిని తెరచిన కిటికీ చెంత ఒక పాత్రనుండి వేరొక పాత్రలోనికి మరల మరల పోయించి గాలి సోకించుచుండెను. ఆ శ్రమ యంతయు ఇంటి పరిచారికది. యంత్రము రాకమునుపు యంత్రమువలె పనిచేసిన ఆ చేతులను స్మరింపక ఈ కథను నడపుట న్యాయము కాదు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ నాలుగు లవణములను మంచినీట కలిపి కృత్రిమ సముద్రజలమును చేయు విధానమును ప్రకటించెను. నేడు హైదరాబాదులో ఉప్పు ప్యాకెట్టును విప్పి ఆర్‌ఓ నీటిలో కలుపువారు నడచునదియు ఆ బాటనే.

ఇక యంత్రము. 1855లో రూఫస్ పోర్టర్, బ్రాడ్లీ అను ఇరువురు అమెరికాలో ఒక వింత పంపునకు పేటెంటు పొందిరి. ఈ పోర్టరు చిత్రకారుడు, పదేండ్లకు పూర్వము ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికను స్థాపించినవాడు. విజ్ఞానవ్యాసములు వ్రాయు మాబోంట్లకు పూర్వికుడే యనవలెను. అర్ధచంద్రాకారమున వంచిన మెత్తని గొట్టమును తిరుగు రోలర్లు ఒత్తుకొనుచు పోవును. మన ప్రేగు ఆహారమును నెట్టినట్లు, ఒత్తిడికి ముందున్న ద్రవము ముందునకు జరుగును, వెనుక గొట్టము తెరచుకొని క్రొత్త ద్రవమును పీల్చును. ద్రవమునకు లోహము తగులదు. 1934లో మైకేల్ డిబేకీ అను వైద్యుడు ఇట్టి రోలరు పంపును రక్తము ఎక్కించుటకు మెరుగుపరచెను. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్, హృదయమును తెరచి శస్త్రచికిత్స చేసినపుడు రోగి రక్తమును నడపినవి ఇట్టి పంపులే. రక్తమునే నడపినట్టిది, ఇనుమును తినివేయు ఉప్పునీటికి జంకునా?

తొట్టెకు కావలసినది ఇట్టి పంపులో ఒక మోటారు ఇరుసునకు అమర్చిన రెండు తలలు. ఒకటి పాతనీటిని కాలువకు పంపును, రెండవది నిలువ డ్రమ్ములోని క్రొత్తనీటిని తెచ్చును. ఇరుసు ఒకటే గావున ఒకటి మందగించిన రెండవదియు మందగించును. కరెంటు పోయినను రోలరు గొట్టమును అదిమియే యుండును గనుక నీరు తనంతట జారిపోదు. ఈ యంత్రమునందు నేను మిక్కిలి గౌరవించునది ఈ జంటకట్టు.

దినమునకు నూటికొక వంతు చొప్పున ముప్పది దినములు మార్చినచో, పాతనీటిలో రమారమి 26 శాతము తొలగును. ఏకముగా 30 శాతము మార్చినదానికంటె ఇది కొంచెమే తక్కువ, జీవులకు కుదుపు మాత్రము లేదు. అయితే గొట్టములు రెండును సమముగా అరుగునను నమ్మకము లేదు. 200 లీటర్ల తొట్టెనుండి దినమునకు 2 లీటర్లు పోవుచు, 1.9 లీటర్లే వచ్చుచున్నవనుకొందము. ఆ లోటును, మట్టము తగ్గినపుడు మంచినీటిని వదలు ఫ్లోటుస్విచ్చి పూడ్చును. ఉప్పు 35 నుండి మెల్లగా దిగి 33.25 చెంత నిలుచును. అచట లోనికి వచ్చు ఉప్పును, వెలికి పోవు ఉప్పును దినమునకు 66.5 గ్రాములై సరితూగును. ఈ తప్పునకు ఒక మేర గలదు. మేర లేని తప్పు మరియొకటి: క్రొత్తనీటి డ్రమ్ము ఖాళీయైనను పంపు తిరుగుచునే యుండుట. అప్పుడు ఉప్పునీరు పోవుచుండగా ఆ చోటెల్ల మంచినీటితో నిండును. పది దినములలో ఉప్పు 31.7కు, నెలలో 26కు దిగజారును. కంటికి నీటిమట్టము యథాతథముగనే కనబడును.

కావుననే నమ్మదగిన అమరికయందు మోటారు నాణ్యమునకంటె దానిని ఆపు ఏర్పాటులే ముఖ్యములు. డ్రమ్ములో నీరు తగ్గినపుడు మోటారునే నిలిపివేయు స్విచ్చి ఒకటి. తొట్టె క్రింది సంపులో నీరు హద్దు మీరినపుడు నిలుపు స్విచ్చి మరియొకటి. పాతనీటిని పీల్చు గొట్టపు మూతిని సంపులో నీటిమట్టమునకు కొలదిగా దిగువననే బిగింపవలెను. స్విచ్చులన్నియు చెడినను అది గాలి పీల్చునేగాని తొట్టెను ఎండగట్టజాలదు. విద్యుత్తుతో పనిలేని ఈ మూడవ రక్షణమే నాకు అన్నిటికంటె నచ్చినది.

వారమునకొకమారు రిఫ్రాక్టోమీటరుతో ఉప్పును చూచుకొనుచు, అప్పుడప్పుడు రెండు గొట్టముల చివరలను రెండు కొలపాత్రలలో ఉంచి, పది నిమిషములు పంపును నడిపి నీటిని పోల్చవలెను. తేడా కనబడినచో అరిగిన గొట్టమును మాత్రమే మార్చి ఊరకుండరాదు. ఒకే చుట్టనుండి రెండు ముక్కలు కోసి, రెండు తలలకును ఒకేసారి తొడిగి, మరల కొలువవలెను.