తోటలోనే మకాం

నేరేడు పండు తిని గింజ ఉమ్మేస్తాం. వాన పడితే ఆ గింజ దొడ్లోనే మొలుస్తుంది. అదే గింజను బాగా ఎండబెట్టి, డబ్బాలో పోసి, ఆరు నెలల తర్వాత నాటి చూడండి. మొలవదు. వడ్లు, కందులు అట్లా కాదు. ఎంత బాగా ఎండితే విత్తనం అంత బాగా నిలవ ఉంటుంది. నేరేడు గింజకు తడి పోతే ప్రాణం పోయినట్టే. వేప గింజ కూడా ఎక్కువ కాలం ఆగదు. రాలిన కొద్ది వారాల్లోనే నాటుకోవాలి.

అంటే చెట్టు పండినప్పుడు మనిషి అక్కడ ఉండాలి. ఉడతా, పక్షీ తినకముందే గింజ ఏరాలి. మొలక వచ్చాక రోజూ నీళ్లు పొయ్యాలి. పండగ వచ్చినా, పెళ్లి వచ్చినా మొక్కకు దాహం ఆగదు. అందుకే కొన్ని తోటల్లో మనుషులు మకాం పెట్టి మరీ పనిచేస్తారు. వాళ్లలో కొందరు జీతం తీసుకోరు. రాత్రి బడిలో జీతం లేకుండా చదువు చెప్పేవాళ్లను వాలంటీర్లు అంటారు కదా. వీళ్లనూ అట్లాగే వాలంటీర్లు అంటారు.

తమిళనాడులో పుదుచ్చేరికి దగ్గరలో ఆరోవిల్ అనే ఊరు ఉంది. 1968లో మొదలైంది. చాలా దేశాలవాళ్లు అక్కడ కలిసి ఉంటారు. అక్కడ 50 ఎకరాల్లో ఒక బొటానికల్ గార్డెన్ ఉంది. దీన్ని 2000వ సంవత్సరంలో మొదలుపెట్టారు. బొటానికల్ గార్డెన్ అంటే షికారు పార్కు కాదు. అక్కడ రకరకాల చెట్లను సేకరించి పెంచుతారు. చెట్టు దగ్గర పేరు రాసిన పలక ఉంటుంది. ఎవరైనా వెళ్లి చూడొచ్చు, పలక చదువుకోవచ్చు. బడి పిల్లలను తీసుకొచ్చి చూపిస్తారు.

ఇప్పుడు పచ్చగా ఉన్న ఆ ఊరు 1968లో ఎట్లా ఉండేదో తెలుసా? ఎర్రమట్టి దిబ్బ. అక్కడక్కడా తాటిచెట్లు. అంతకుముందు ఎప్పుడో ఆ నేల మీద అడవి ఉండేది. కలప కోసం, వంటచెరకు కోసం, సాగు కోసం కొట్టేశారు. చెట్టు పోయాక మట్టిని పట్టుకునే వేరు లేదు. వాన కురిస్తే మట్టి కొట్టుకుపోయి సముద్రం ఎర్రబడేది. నేల మీద లోతైన గండ్లు పడ్డాయి.

వచ్చినవాళ్లు ముందు కట్టలు వేశారు. వాన నీరు పరుగెత్తకుండా నిలబెట్టారు. తర్వాత మొక్కలు నాటారు. ఎద్దుబండి మీద నీళ్లు తెచ్చి పోశారు. అయినా చాలా మొక్కలు చచ్చాయి. అప్పుడు ఆస్ట్రేలియా దేశపు తుమ్మ జాతి చెట్టు ఒకటి తెచ్చి నాటారు. అది పనికిరాని నేలలో కూడా తొందరగా ఎదిగింది. ఆకు రాల్చింది, నీడ ఇచ్చింది, నేలకు బలం ఇచ్చింది. దానికి 'పనిచెట్టు' అని పేరు పెట్టుకున్నారు. దాని నీడలో మన దేశపు మొక్కలు నాటారు.

30 డిసెంబరు 2011న 'థానే' తుపాను వచ్చింది. పుదుచ్చేరికీ కడలూరుకీ మధ్య తీరం దాటింది. ఒక్క రాత్రిలో ఆరోవిల్ చెట్లు కుప్పలు కుప్పలుగా కూలాయి. ఎక్కువగా కూలింది ఆ తుమ్మే. తొందరగా పెరిగిన చెట్టు, గాలికి తట్టుకోలేకపోయింది. దాని కింద నెమ్మదిగా పెరుగుతున్న నాటు చెట్లు మాత్రం చాలావరకు నిలబడ్డాయి. ఆ తీరంలో వేల ఏళ్లుగా తుపాన్లను చూసిన జాతులు కదా అవి.

ఆ నాటు చెట్లు ఏమిటి? వాటి పేర్లు తెలుగు ఆడవాళ్లకు కొత్తవి కావు. పాల చెట్టు, అల్లి, నేరేడు, బలుసు, కలివి. మురికి నీళ్లు తేరడానికి కుండ లోపల రుద్దే చిల్లగింజ చెట్టు కూడా ఆ అడవిదే. ఈ రకం అడవి వాన తక్కువగా పడేచోట పెరుగుతుంది. అయినా ఎండాకాలంలో కూడా ఆకు పచ్చగానే ఉంటుంది. ఒకప్పుడు విశాఖపట్నం వైపు నుంచి రామనాథపురం దాకా సముద్రపు ఒడ్డున ఈ అడవి ఉండేది. ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మిగిలింది. సూళ్లూరుపేట దగ్గర శ్రీహరికోటలో పెద్ద ముక్క ఉంది. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగరేస్తున్నారు. బయటివాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి గొడ్డలి కూడా పోలేదు. రాకెట్టు కాపాడిన అడవి అనుకోవచ్చు. తమిళనాడులో కొన్ని ముక్కలు అమ్మవారి గుళ్ల చుట్టూ, అయ్యనార్ గుళ్ల చుట్టూ మిగిలాయి. దేవుడి చెట్టును కొట్టకూడదని ఊళ్లవాళ్లు వదిలేశారు. తోటకు గింజలు అట్లాంటి చోట్ల నుంచే రావాలి. వేరే అంగడి లేదు.

ఇట్లాంటి తోటకు వాలంటీరుగా ఒక అమ్మాయి వచ్చిందనుకోండి. పట్నంలో చదువుకుంది. మొక్కల పేర్లు పుస్తకంలో చూసింది. మొదటి రోజు ఆమె చేతికి ఇచ్చేది పుస్తకం కాదు, తొలిక. కలుపు తియ్యాలి. ఏది కలుపో ఏది మొక్కో ఆమెకు తెలియదు. పక్కన పనిచేసే ఊరి ఆడమనిషికి తెలుసు. ఆకు నలిపి వాసన చూసి పేరు చెప్పేస్తుంది. నాలుగు మంచి మొక్కలు పీకాక అమ్మాయికీ తెలుస్తుంది.

తర్వాత మట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి సంచులు నింపాలి. పండ్ల గుజ్జు కడిగి గింజ తియ్యాలి. గుజ్జు ఉంటే కుళ్లిపోతుంది. గట్టి గింజలను నానబెట్టాలి. పొద్దునా సాయంత్రం నీళ్లు. ఎండాకాలం చివర గుంటలు తవ్వి, వానలు పడ్డాక మొక్క నాటాలి. మొదలు చుట్టూ ఎండుటాకు పరవాలి. మళ్లీ ఎండాకాలం వస్తే ఆ మొక్కను బతికించడమే పెద్ద పని. నడుము నొప్పి, దోమలు, చేతులకు బొబ్బలు. ఫొటోలో ఇవేమీ కనబడవు.

ఆరోవిల్‌లోనే 2003 డిసెంబరులో 'సాధనా ఫారెస్ట్' అని ఇంకొకటి మొదలైంది. అది తోట కాదు, 70 ఎకరాల్లో అడవి పెంచే పని. వాలంటీర్లు తాటాకు పాకల్లో ఉండేవారు. మకాం ఉచితంగా ఉండేది. తిండి ఖర్చు ఎవరిది వాళ్లే ఇచ్చుకునేవాళ్లు. తెల్లారగానే, టిఫిను కంటే ముందే పని. వంట వంతులవారీగా. పాయిఖానా దొడ్డిది కూడా ఎరువుగా మార్చి చెట్లకు వేసేవాళ్లు. మొదట ముక్కు మూసుకున్నవాళ్లు కూడా నాలుగు రోజుల్లో అలవాటుపడతారు.

మరి జీతం లేకుండా ఎట్లా గడుస్తుంది? అడగాల్సిన మాటే. ఇట్లా వచ్చేవాళ్లు ఎక్కువమంది చదువుకునే పిల్లలు, లేదా నాలుగు డబ్బులు దాచుకుని కొన్ని నెలలు తీరిక చేసుకున్నవాళ్లు. పొయ్యి వెలగడానికి ఏ రోజు కూలి ఆ రోజు కావాల్సిన మనిషి ఇట్లా పోలేదు. ఆ సంగతి దాచకూడదు. తోటలో ఏడాది పొడుగునా పనిచేసే ఊరి ఆడవాళ్లకు కూలి ఇవ్వాల్సిందే. వాలంటీరు వచ్చిందని కూలిమనిషిని మానిపించే తోట మంచి తోట కాదు. నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయి కంటే నేర్పిన ఆడమనిషికి తక్కువ మర్యాద ఇస్తే అదీ మంచిది కాదు.

మీ కూతురో, మనవరాలో ఇట్లాంటి చోటికి పోతానంటే వద్దనకండి. కానీ ముందే అడిగి తెలుసుకోమనండి. పడుకునే చోట తలుపుకు గడియ ఉందా? ఆడవాళ్లకు వేరే స్నానాలగది ఉందా? రోజుకు ఎన్ని గంటల పని? జ్వరం వస్తే ఎవరు చూస్తారు? తిండికి ఎంత ఇవ్వాలి? వాళ్లు కాగితం మీద రాసిస్తే ఇంకా మంచిది.

గింజలు తెచ్చిన రోజు సాయంత్రం ఇంకో చిన్న పని ఉంటుంది. గింజల సంచిలో చీటీ పెట్టాలి. చెట్టు పేరు, గింజ ఏరిన ఊరు, తేదీ, మూడూ రాయాలి. లేతగా ఉన్నప్పుడు చాలా మొక్కలు ఒక్కలాగే కనబడతాయి. చీటీ పోతే అది ఏ చెట్టో, ఏ ఊరి గుడి దగ్గరిదో చెప్పేవాళ్లుండరు. పేరు తెలియని మొక్కకు తోటలో పలక పెట్టలేరు. అందుకని ఊరి ఆడమనిషి పేరు చెబుతుంది, అమ్మాయి రాస్తుంది. ఆడమనిషికి రాయడం వస్తే తనే రాసి సంచి మూతి కడుతుంది.