ఈస్టరు కార్డులు – వానిమీది వ్రాతలు

ఉత్తరమును దాచుకొనుట స్త్రీలకు క్రొత్త విద్య గాదు. పుట్టింటినుండి వచ్చిన కార్డుముక్కను చీర మడతలలో నుంచి పదియేండ్లు కాపాడిన యిల్లాండ్రు మనలో ఎందరో కలరు. కాని తామెరుగని వారు, తామెరుగని వారికి, తామెన్నడును చూడని యూరినుండి వ్రాసిన కార్డులను వెదకి తెచ్చి దాచుకొనువారు గూడ లోకమున నున్నారన్నచో సోదరీమణులకు వింతగా తోపవచ్చును. ఐరోపా అమెరికా ఖండములలో ఇట్టివారు వేలకొలది కలరు. ఈ వ్యాసంగమునకు డెల్టియాలజీ యని పేరు. వ్రాతపలకను తెలుపు గ్రీకు పదమునుండి యీ పేరును 1945లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునకు చెందిన రాండల్ రోడ్స్ అను ఆచార్యుడు కల్పించెను. వీరు కూర్చు కార్డులలో ఈస్టరు కార్డులకు ప్రత్యేక స్థానము కలదు. వానిని గూర్చియు, అంతకంటె ముఖ్యముగా వానిమీది వ్రాతలను గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈస్టరు క్రైస్తవుల పునరుత్థాన పండుగ. మన పండుగలవలెనే యిదియు చంద్రగతి ననుసరించునది. మార్చి 21వ తేదీనాడు గాని, దాని తరువాత గాని వచ్చు పూర్ణిమకు పిమ్మటి ఆదివారమున జరుపుదురు. అందుచే పాశ్చాత్య సంఘములలో నది మార్చి 22వ తేదీకి ముందు రాదు, ఏప్రిల్ 25వ తేదీని దాటదు. ఆ శీతలదేశములలో మంచు కరగి, చెట్లు చిగిర్చి, కోళ్లు పొదుగుటకు మొదలిడు కాలమది. కావున కార్డులమీద సిలువతోపాటు రంగులద్దిన గ్రుడ్లు, అప్పుడే పొదిగిన కోడిపిల్లలు, కుందేళ్లు, గొఱ్ఱెపిల్లలు, తెల్లని లిల్లీ పూవులు కనబడును. దేశమునుబట్టి చిత్రమును మారును. ఫ్రాన్సుదేశపు కార్డులమీద గంటలు రెక్కలు ధరించి యెగురుచుండును. పండుగకు ముందటి గురువారమునుండి గుడిగంటలు మ్రోగవు గనుక, అవి రోముకు పోయి గ్రుడ్లు మోసికొని వచ్చునని అచ్చటి తల్లులు బిడ్డలకు చెప్పుదురు. స్వీడను కార్డులమీద చీపురుకట్ట నెక్కి, కాఫీపాత్రను వ్రేలాడదీసికొని పోవు మంత్రగత్తెలు నవ్వు పుట్టింతురు. రష్యా కార్డులమీద ఎఱ్ఱని గ్రుడ్డును, పండుగనాడు ఒండొరులు ముమ్మారు పెట్టుకొను ముద్దులును ప్రసిద్ధములు.

తపాలా కార్డు పుట్టి ఎన్నియో యుగములు కాలేదు. ఎమాన్యుయేల్ హెర్మన్ అను నర్థశాస్త్రజ్ఞుని సూచనపై ఆస్ట్రియా హంగెరీ ప్రభుత్వము 1869 అక్టోబరు 1వ తేదీన దానిని మొట్టమొదట విక్రయించెను. మరుసటి యేట అదే దినమున ఇంగ్లండులో అరపెన్నీ కార్డు వచ్చెను. మన దేశమున 1879 జూలై 1వ తేదీన కాలణా కార్డు వెలసెను. అయితే యివన్నియు బొమ్మలులేని సర్కారు కార్డులు. అమెరికాలో 1898లో చేసిన చట్టముచే, ప్రైవేటు అచ్చుకూటములవారి కార్డులకును సర్కారు కార్డులవలె ఒక్క సెంటు రుసుమే చాలునని నిర్ణయమయ్యెను. అంతట బొమ్మల కార్డులు వెల్లువగా వచ్చినవి. వానిలో పెక్కు జర్మనీలో రాతి అచ్చుమీద అనేక వర్ణములతో ముద్రితములై ఓడలలో దిగినవి. 1908 జూన్‌తో ముగిసిన యేడాదిలో అమెరికా తపాలాలో నడచిన కార్డులు 67 కోట్ల 70 లక్షలు. ఆనాటి ఆ దేశ జనసంఖ్య తొమ్మిది కోట్లకు మించలేదు!

ఇంత చిన్న కార్డుమీద వ్రాతకు తావెంత యున్నదో గూడ ప్రభుత్వములే నిర్ణయించుచుండెడివి. తొలుత కార్డు వెనుకవైపు విలాసమునకు మాత్రమే కేటాయింపబడినది. చెప్పదలచిన మాటను బొమ్మవైపుననే యిరికింపవలసి వచ్చెడిది. ఆనాటి కార్డులలో కుందేలు చెవులనడుమను, గ్రుడ్డుచుట్టును, లిల్లీ కాడ వెంబడిని చీమలబారువలె సాగిన యక్షరములు కానవచ్చును. ఇంగ్లండులో 1902లోను, అమెరికాలో 1907 మార్చి 1వ తేదీనుండియు వెనుకవైపును నడిమిగీతతో రెండు భాగములుచేసి, ఎడమప్రక్క వ్రాయుట కనుమతించిరి. కాన తపాలాముద్రలోని తేదీ చెరిగిపోయినను, నడిమిగీత యున్నదా లేదా యని చూచి కార్డు వయస్సును కొంతవరకు పోల్చుకొనవచ్చును.

ఇక వ్రాతల సంగతి. కార్డు మూతలేని లేఖ. తపాలాబంట్రోతు చదువవచ్చును, అత్తగారు చదువవచ్చును, ఇరుగుపొరుగు చదువవచ్చును. ఈ బహిరంగపత్రముమీద మనస్సులోని మాటను చెప్పుట యెట్లు? కొందరు తలక్రిందులుగా వ్రాసిరి. కొందరు అద్దములో చూచిననే తెలియునట్లు వ్రాసిరి. తపాలాబిళ్లను వాల్చి యంటించుటలో గూడ సంకేతము లుండెడివి. ఎక్కువమంది మాత్రము మిగిలిన సంగతి కలిసినప్పుడు చెప్పెదననియో, ఉత్తరము వ్రాసెదననియో ముగించిరి. ఆ చెప్పక విడిచినదే యొక్కొక్కప్పుడు చెప్పినదానికంటె పెద్దదిగా తోచును.

పండుగ శుభాకాంక్షలు అచ్చులోనే యుండుటచే, మిగిలిన జాగాలో సంసారమంతయు వచ్చి కూర్చుండును. వానలు, రోడ్డుల బురద, బిడ్డల దగ్గు, క్రొత్త టోపీ, కోళ్లు పెట్టిన గ్రుడ్ల లెక్క, పంపిన కార్డు చేరినదా యను ప్రశ్న, తనకేల వ్రాయవను నిష్ఠురము — ఇవియే వాని విషయములు. రాజుల యుద్ధములు చరిత్రగ్రంథముల కెక్కినవి. పెంకుటింటిలో, పొలముగట్టున జీవించిన స్త్రీ తన దినమును గూర్చి తన చేతితో వ్రాసిన వాక్యములు అంత సులభముగా దొరకవు. దినచర్య వ్రాసికొనుటకు తీరికయు, దీర్ఘలేఖకు ఓపికయు లేనిది గూడ కార్డుమీద రెండు పంక్తులు వ్రాయగలిగినది. అక్షరదోషములతోడను, కొట్టివేతలతోడను ఆ పంక్తులే యామె ఉనికికి సాక్ష్యము.

తేదీ తెలిసినచో సాధారణమైన పలుకునకు సైతము గాంభీర్యము వచ్చును. 1906లో ఈస్టరు ఏప్రిల్ 15వ తేదీన వచ్చెను. మూడు దినములకు, 18వ తేదీ తెల్లవారుజామున శాన్‌ఫ్రాన్సిస్కో నగరము భూకంపముచే కూలి, అగ్నికాహుతియయ్యెను. ఆ వారము అచ్చటినుండి బయలుదేరిన పండుగకార్డులోని కోడిపిల్లల బొమ్మను మనము చూచునప్పుడు, వ్రాసినవారి కప్పటికి తెలియనిది మనకు తెలిసియుండును. 1913లో పండుగ మార్చి 23వ తేదీకే వచ్చెను. ఆ సాయంకాలమే ఒమాహా పట్టణమును సుడిగాలి చీల్చెను. రెండు దినములకు ఒహాయో రాష్ట్రములోని డేటన్ నగరము వరదలో మునిగెను. అట్టి దినములలో ‘మేము క్షేమము’ అను భావముగల కార్డు ఒక్క సెంటు వెలగల వస్తువు కాదు.

ఈ కార్డుల చరిత్రలో స్త్రీల చేయి వ్రాతతోనే ముగియదు. 1865లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించిన ఎలెన్ క్లాప్‌సాడిల్ గ్రుడ్లబుట్టలతో బొద్దుబుగ్గల పిల్లలను చిత్రించి యీ విద్యతోనే జీవించినది. 1914లో యుద్ధము రాగా జర్మనీ అచ్చుకూటములతో అమెరికా బేరము తెగి, ఆమె వృత్తియు దెబ్బతినినది. ఆమె 1934లో గతించినది. రష్యాలో ఎలిజబెత్ బ్యోమ్ పల్లెపిల్లల చిత్రములతో పేరొందినది. సెంటు పీటర్స్‌బర్గులోని సెంటు యూజీనియా సంఘము, రెడ్‌క్రాసు దాదుల పోషణకై ధనము కూర్చుటకు 1898 ఈస్టరునాటికి తన తొలి చిత్రకార్డులను వెలువరించెను. మహాయుద్ధ కాలమున ఫ్రాన్సు, బెల్జియము దేశముల స్త్రీలు పట్టుదారముతో కుట్టుపని చేసిన కార్డులను సైనికులు కొని యిండ్లకు పంపిరి. తా మెచ్చట నున్నామో వ్రాయుటకు వారికి స్వేచ్ఛ లేదు. కుట్టిన పూవు క్రింద బాగున్నానను మాట మాత్రము వ్రాయగలిగిరి.

సేకరించువారిలో రెండు మతములు కలవు. కొందరు వ్రాతలేని క్రొత్తకార్డునే మేలైనదని యెంతురు. బొమ్మ చెడలేదు, మూలలు విరగలేదు, సిరా మరక లేదు అని దానికి హెచ్చు వెల నిత్తురు. మరికొందరు వ్రాతకొరకే కొందురు. వ్రాయని కార్డు కుంకుమ నింపని భరిణెవంటిదని నా యభిప్రాయము. అందము కలదు, ప్రయోజనము నెరవేరలేదు. వర్తకులు బొమ్మలనుబట్టి విడదీసి యమ్ముటచే, ఒకే యింటికి వచ్చిన కార్డులు పది దేశముల పాలగుచున్నవి. ఒకే పిల్ల తన అమ్మమ్మకు ఏటేట వ్రాసిన కార్డులు ఒక్కచోట నున్నచో, కోడిగీతలు క్రమముగా ముత్యాలకోవగా మారుట కనబడును. విడదీసినచో అవి వట్టి కుందేళ్ల బొమ్మలు. కనుక ఒక కుటుంబపు కార్డులు చేతికి వచ్చినవారు వానిని చీల్చకుండుట ధర్మము. పరుల లేఖ చదువుట తగునా యని మీరడుగవచ్చును. వ్రాసినవారును అందుకొన్నవారును గతించిన పిమ్మట, ఎగతాళికి గాక ఎరుకకై చదువుట మర్యాదకు లోబడినదే యగును.

దాచు విధమును గూడ తెలిసికొనవలయును. కార్డును జిగురుతో నంటింపరాదు. మూలలను పట్టి నిలుపు ఆల్బముగాని, పాలియెస్టరు తొడుగుగాని మేలు. పి.వి.సి. అను చౌక ప్లాస్టిక్కు కాలక్రమమున ఆమ్లమును వెడలగ్రక్కి రంగును చెరచును. ఎండ, చెమ్మ, చెదలు మూడును శత్రువులు. గుర్తు వ్రాయదలచినచో మెత్తని పెన్సిలుతో మూలన వ్రాయవలయును. తపాలాబిళ్లకై ఆశపడి దానిని నీట నానబెట్టి యూడదీసినచో తేదీముద్రయు పోవును, కార్డునకు జాతకము పోయినట్లే. కొనజాలనివారు విచారింపనక్కరలేదు. న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీవారు ఇట్టి పండుగకార్డుల ప్రతిబింబములను అంతర్జాలమున నుంచినారు. షికాగోలోని న్యూబెర్రీ గ్రంథాలయములో కర్ట్ టైక్ సంస్థ కార్డుల మహాభాండాగారము కలదు.

అయినను దూరదేశపు కార్డులను మెచ్చుకొని మన యింటి యటుకను మరచుట తగదు. మన పెద్దలు వచ్చిన జాబులను వంచిన యినుపతీగకు గ్రుచ్చి వ్రేలాడదీసెడివారు. శుభవార్త గలదానికి నాలుగు మూలల పసుపు పూసెడివారు. చావుకబురు తెచ్చినదానిని చదివి చించివేసెడివారు. అందుచే మన తీగలమీద మిగిలినవి పెండ్లిండ్లు, పురుళ్లు, పంటలు, క్షేమసమాచారములు. తీగ త్రుప్పు వానిని తినివేయుచున్నది. వ్రాసినవారి దస్తూరి గుర్తింపగల ముసలమ్మలు ఏటేట తగ్గుచున్నారు. ఈ వేసవిలో తీగను దించి, ఒక్కొక్క కార్డును మెల్లగా విడదీసి, ఇది యెవరు ఎవరికి వ్రాసినదో యింటి పెద్దావిడ నడిగి పెన్సిలుతో గుర్తు పెట్టుడు. ఆమె చెప్పగలిగినప్పుడే అడుగుడు.