గుట్ట ఎత్తు ఎట్ల కొలుస్తారు?



పోయిన నెల మన హాస్టల్ క్విజ్‌లో జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. "తూర్పు కనుమల్లో ఎత్తయిన శిఖరం ఏది?" అని అడిగారు. నేను మహేంద్రగిరి, 1501 మీటర్లు అన్నాను. పక్క రూమువాళ్లు అర్మకొండ, 1680 అన్నారు. మూడో టీమువాళ్లు జింధగడ, 1690 అన్నారు. ముగ్గురికీ ముగ్గురం పుస్తకాలు చూపించాం! మార్కు మాకు రాలేదు. నాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ "గుట్టలేమన్నా పెరుగుతున్నాయా? అసలు వీటిని కొలిచింది ఎవరు, ఎట్ల కొలిచారు?" అనే సందేహం కూడా వచ్చింది. తెలుసుకున్నంత ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సంగతి: ఎత్తు అంటే ఎక్కడి నుంచి ఎత్తు? మనిషి ఎత్తును పాదం నుంచి కొలుస్తాం. గుట్టకు పాదం ఎక్కడో ఎవరు చెప్పగలరు? అందుకని సముద్రమట్టాన్ని సున్నాగా పెట్టుకున్నారు. సముద్రం కూడా ఊరికే ఉండదు, పొంగుతుంది, తగ్గుతుంది. విశాఖపట్నం, మద్రాసు, బొంబాయి మొదలైన 9 రేవుల్లో ఏళ్ల తరబడి నీటిమట్టం చూసి, సగటు తీసి, 1909లో మన దేశానికి ఒక లెక్క ఖాయం చేశారు. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని దోలిగుట్ట 965 మీటర్లు అంటే అది సముద్రమట్టం నుంచి అన్నమాట.

రెండోది: ఎక్కకుండానే ఎత్తు కొలవవచ్చు. మేము మన జెండా కర్రను కొలిచాం. ఒక మీటరు కట్టెను ఎండలో నిలబెడితే నీడ 80 సెంటీమీటర్లు వచ్చింది. అదే సమయానికి జెండా కర్ర నీడ 5 మీటర్ల 60 సెంటీమీటర్లు. 560ని 80తో భాగిస్తే 7. కర్ర ఎత్తు 7 మీటర్లు! ఇదంతా త్రిభుజాల లెక్కే. 1802లో లాంబ్టన్ దొర మద్రాసు దగ్గర నేల మీద ఒక గీత కొలిచి, దాని మీద త్రిభుజాలు కట్టుకుంటూ ముందుకు నడిచాడు. నీడకు బదులు థియోడోలైట్ అనే కోణాలు కొలిచే యంత్రం వాడాడు. 1818లో ఆయనకు సహాయకుడిగా వచ్చినవాడే జార్జి ఎవరెస్ట్. కృష్ణా, గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ ఆయన జ్వరం పడ్డాడు. 1820లో కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా పోవలసి వచ్చింది. ఎవరెస్ట్ శిఖరానికి పేరిచ్చిన మనిషిని మన వైపు దోమలు పడగొట్టాయన్నమాట! ఆ పద్ధతిలో ఒక గుట్ట నుంచి ఇంకో గుట్ట కనపడాలి. అడ్డం వచ్చిన చెట్లను కొట్టేయాలి.

ఇప్పుడు చెట్టు కొట్టే పని లేదు. విమానంలో లేజర్ యంత్రం పెడతారు. అది సెకనుకు లక్షకు పైగా వెలుగు చుక్కలను కిందికి వదులుతుంది. చుక్క నేలకు తగిలి తిరిగి వస్తుంది. వెలుగు వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు గదా! రానుపోను ఒక సెకనులో లక్షో వంతు కాలం పడితే, వెలుగు 3 కిలోమీటర్లు తిరిగినట్టు. అందులో సగం, అనగా 1500 మీటర్ల దూరంలో నేల ఉంది. విమానం ఎక్కడుందో, ఎంత వంగి ఉందో పరికరాలు చెప్తాయి. ఇక నేల ఎత్తు తేలుతుంది. మరి అడవి ఉంటే? కొన్ని చుక్కలు ఆకులకు తగిలి వెంటనే తిరిగొస్తాయి. కొన్ని ఆకుల సందుల్లోంచి నేలదాకా పోయి ఆలస్యంగా వస్తాయి. ఆ ఆలస్యంగా వచ్చినవే మనకు నేలను చూపిస్తాయి. అయితే శిఖరం మీద సన్నటి బండ ఉంటే చుక్క దాని పక్కన పడవచ్చు. అందుకే అనుమానం ఉన్నచోటికి మనిషి ఎక్కి, శాటిలైట్ పరికరంతో సరిచూడాలి. ఆ పరికరం కొలిచేది ఒక ఊహా గోళం నుంచి. మన ప్రాంతంలో సముద్రమట్టం ఆ గోళానికి సుమారు 70 మీటర్లు కింద ఉంటుంది. ఆ లెక్క సరిచేయకపోతే గుట్ట 70 మీటర్లు పొట్టిదైపోతుంది!

బ్రిటన్‌లోని వేల్స్ అనే చిన్న దేశంలో 2,000 అడుగులు, అంటే 609.6 మీటర్లు దాటితేనే కొండను పర్వతం అంటారు. అక్కడ మినిథ్ గ్రైగ్ గోచ్ అనే కొండకు మ్యాపులో 609 మీటర్లే ఉండేది. 2008లో ముగ్గురు ఔత్సాహికులు శాటిలైట్ పరికరంతో కొలిస్తే 609.75 వచ్చింది. 15 సెంటీమీటర్లతో కొండ పర్వతమైంది. ఆ తర్వాత విమాన లేజర్ లెక్కలను అక్కడ అందరికీ అందుబాటులో పెట్టారు. వాటిని చూసి మామూలు మనుషులు కూడా ఇంటి దగ్గర కూర్చొని కొండల ఎత్తులు సరిచూస్తున్నారు.

"ఇదంతా మనకెందుకు?" అని మీరు అడగవచ్చు. మా ఊరు గోదావరి ఒడ్డున ఉంది. 2022 జూలై వరదలో భద్రాచలం దగ్గర నీళ్లు 71.3 అడుగులకు వచ్చాయి. (ఇది సముద్రం నుంచి కాదు, అక్కడి కొలబద్ద సున్నా నుంచి.) ఆ రాత్రి మా వాడవాళ్లు ఎత్తుగా ఉందనుకొని ఒక చోట చేరారు. తెల్లారేసరికి అక్కడికీ నీళ్లు వచ్చాయి. అప్పుడు మా తాత, "చింతచెట్ల గడ్డకు పోదాం పాండ్రి. ఎనబై ఆరుల గూడ ఆడికి నీళ్లు రాలే" అన్నాడు. 1986లో భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చింది మరి! తాత మాట నిజమైంది. తాత దగ్గర లేజర్ లేదు, చూసిన జ్ఞాపకం ఉంది. కానీ అన్ని ఊళ్లలో అట్లాంటి తాతలు ఉండరు గదా. విమాన లేజర్ సర్వే చేసే సంస్థ, ఎన్.ఆర్.ఎస్.సి., మన హైదరాబాద్‌లోనే ఉంది. నదిపక్క నేలలో ఏ గడ్డ మీటరు ఎత్తో, ఏది మీటరు పల్లమో అట్లాంటి సర్వే చెప్పగలదు. గుట్టకు 10 మీటర్లు తప్పుపోతే క్విజ్‌లో మార్కు పోతుంది. గడ్డకు ఒక మీటరు తప్పుపోతే ప్రాణం పోతుంది.

ఇక మన గొడవ సంగతి. ఏ గుట్టా పెరగలేదు. మహేంద్రగిరి అప్పుడూ ఇప్పుడూ అంతే. మన పుస్తకాలే వేరు వేరు కాలాలవి. అందుచేత ఇకమీద ఎవరైనా ఎత్తు చెబితే ఎక్కడి నుంచి, ఎప్పుడు, దేనితో కొలిచారని అడుగుదాం. సెలవులకు పోయినప్పుడు ఒక పని చేయండి. 1986లో, 2022లో మీ ఊర్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్లను అడిగి రాసుకురండి. వచ్చే గోడపత్రికలో అన్నీ కలిపి వేద్దాం.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి, 9వ తరగతి