సెగకూ వాతకూ మధ్య అంగుళం

వినాయక చవితి ముందురోజు తెనాలి బజార్లో పత్రి కొనేవాళ్లకు మాచిపత్రి తెలియనిది కాదు. ఇరవయ్యొక్క పత్రుల్లో పూజకు మొదట చేతికి తీసుకునేది అదే. పూలదండల్లో ఘుమఘుమలాడే దవనం దానికి దగ్గరి చుట్టం. వృక్షశాస్త్రం లెక్కలో రెండూ ఆర్టెమీసియా ప్రజాతి మొక్కలే. అదే ప్రజాతికి చెందిన మరో మొక్క ఆకును చైనా వైద్యులు ఎండబెట్టి, నలిపి, నూగును కాగితంలో చుట్టి అగరొత్తిలా వెలిగిస్తారు. ఒంటిపై ఎంచుకున్న చోట దాని సెగ తగిలించడమే మాక్సిబస్చన్. చైనాలో క్రీ.పూ. 168 నాటి మావాంగ్‌డుయ్ సమాధిలో 1973లో దొరికిన పట్టు రాతప్రతుల్లోనే ఈ వైద్యం ప్రస్తావన ఉంది. 2010లో యునెస్కో దీన్ని ఆక్యుపంక్చర్‌తో కలిపి మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

రేపల్లె దారిలో

ఇలాంటి సెగే మన దగ్గర కాపడం. తెనాలి దాటి రేపల్లె వైపు వెళ్తే దారి పొడవునా కృష్ణా కాలువల కింద వరి చేలే. నాట్లనాడు పొద్దంతా వంగి బురదలో నిలబడ్డ నడుముకు రాత్రి కాపడం పడాల్సిందే. ఆముదంలో వేయించిన వావిలాకు మూట, గుడ్డలో చుట్టిన వేడి ఇటుక, ఆముదం రాసి పెనం మీద వెచ్చబెట్టిన జిల్లేడాకు... ఎవరింటి అలవాటు వారిది. బాలింతకైతే వావిలాకు కాచిన నీళ్లు.

బాపట్ల వైపు సముద్రం దగ్గరైన కొద్దీ ఉప్పు కనిపిస్తుంది. చినగంజాం ఉప్పు మడులు బాపట్ల జిల్లావే. మూకుట్లో చిటపటలాడేదాకా వేయించి మూటగట్టిన కల్లుప్పు చాలాసేపు వేడి నిలుపుకుంటుంది, చెమ్మ ఉండదు. చైనా వైద్యంలోనూ బొడ్డులో ఉప్పు నింపి, దానిపై ఆకు నూగును కాల్చే పద్ధతి ఒకటుంది. అల్లం బిళ్ల అడ్డుపెట్టేది మరొకటి. ఈ పద్ధతుల్లో నిప్పు నేరుగా ఒంటికి తగలకూడదన్నదే అక్కడా ఇక్కడా జాగ్రత్త.

వాత సంగతి

ఆ అడ్డు తీసేస్తే మిగిలేది వాతే. గుక్కపట్టి ఏడ్చినా, కామెర్లొచ్చినా పసివాళ్ల పొట్టమీద కడ్డీ కాల్చి పెట్టే అలవాటు తెలుగు పల్లెల్లో ఉన్నదే. పెద్దల శాస్త్రం అంటూ దీన్ని సమర్థించేవాళ్లు సుశ్రుత సంహిత తిరగేయాలి. అగ్నికర్మకు, అంటే వాత పెట్టడానికి, పిప్పలి, మేక పెంటిక, కడ్డీ, బెల్లం, తేనె దాకా సాధనాలు చెప్పిన ఆ గ్రంథమే పిల్లలకు, ముసలివాళ్లకు, బలహీనులకు అది పనికిరాదని తేల్చింది. వాత వల్ల కామెర్లు తగ్గవు. పుండు చీము పడుతుంది, ఆస్పత్రికి వెళ్లాల్సిన సమయం చేజారుతుంది.

సెగ చేయగలిగింది ఎంత? నెత్తురు ప్రవాహం పెరిగి, బిగుసుకున్న కండ సడలి, నొప్పి కాసేపు ఉపశమిస్తుంది. అరిగిన కీలు తిరిగి రాదు. మాక్సిబస్చన్ పేరిట చెప్పే పెద్ద ప్రయోజనాలకూ గట్టి రుజువులు తక్కువే. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లకు కాలుతున్న సంగతే తెలియదు. వాళ్లు కాళ్లకు కాపడం మానుకోవాలి. మిగతావాళ్లు మూటను ముందు ముంజేతికి ఆనించి చూసుకోవాలి. అక్కడ ఓర్చుకోలేని వేడి ఎక్కడా మందు కాదు.