కొత్త విండోస్ వస్తే పాత కంప్యూటరు పనికిరాదా?

హైదరాబాదులో యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు నుంచి కృష్ణానగర్ వైపు నడుస్తూ వెళ్తే జెరాక్సు, డి.టి.పి. దుకాణాలు కనబడతాయి. పెళ్ళి శుభలేఖ మొదలు సినిమా స్క్రిప్టు దాకా అక్కడ టైపై, అచ్చై బయటికి వస్తాయి. అలాంటి ఒక దుకాణంలో కంప్యూటరు, ప్రింటరు, స్కానరు ఉన్నాయనుకోండి. మూడూ పదేళ్ళ నాటివి. మూడూ చక్కగా పనిచేస్తున్నాయి. ఒకనాడు తెరమీద ఒక సందేశం వస్తుంది: ఈ కంప్యూటరు విండోస్ 11కు తగదని! దుకాణదారు గుండెల్లో రాయి పడుతుంది. నిన్నటిదాకా కూడుపెట్టిన యంత్రం ఇవాళ ఎందుకు తగకుండా పోయింది? అరిగిపోయిందా? చెడిపోయిందా? రెండూ కాదు. మరేమిటి? చూద్దాం.

దర్శకుడూ, దుబాసీ

ఫిల్మ్‌నగర్ పక్కనే ఉంది కనుక సినిమా ఉదాహరణే తీసుకుందాం. కంప్యూటరులో విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ దర్శకుడి లాంటిది. ప్రాసెసరు, మెమరీ, ప్రింటరు, స్కానరు అన్నీ ఆయన సిబ్బంది. దర్శకుడు తెలుగులో చెబుతాడు. కెమెరామన్‌కు తమిళమే వచ్చు. అప్పుడు మధ్యలో ఒక దుబాసీ కావాలి కదా! కంప్యూటరులో ఈ దుబాసీ పేరు 'డ్రైవర్'. ఇదొక చిన్న ప్రోగ్రాము. దీన్ని సాధారణంగా ప్రింటరు తయారుచేసిన కంపెనీయే రాసి ఇస్తుంది.

ఇప్పుడు దర్శకుడు మారి, కొత్తాయన కన్నడంలో మాట్లాడాడనుకోండి. పాత దుబాసీ తెల్లముఖం వేస్తాడు. కెమెరామన్ నైపుణ్యం ఎక్కడికీ పోలేదు, కాని షూటింగు ఆగిపోతుంది. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు చాలామందికి ఇదే అనుభవమైంది. తెరకు బొమ్మలు పంపే పద్ధతిని విస్టాలో మార్చారు. దానికి తగిన డ్రైవర్లు సకాలంలో సిద్ధం కాలేదు. విండోస్ 11 అయితే 64 బిట్ల రకం మాత్రమే. 32 బిట్ల విండోస్ కోసం రాసిన డ్రైవరు దానిలో పనిచేయదు. కంపెనీ కొత్త డ్రైవరు రాయకపోతే మంచి స్కానరు కూడా మూలన పడుతుంది.

పెరిగిన ఆకలి

రెండో కారణం బలం. 1995లో వచ్చిన విండోస్ 95కు కనీసం 4 మెగాబైట్ల మెమరీ కావలసి వచ్చింది. 2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్లు కావాలి. లెక్క వేయండి: సరిగ్గా 1024 రెట్లు! ఈ లోటు తీర్చడం కొంత తేలికే. చాలా కంప్యూటర్లలో మెమరీ పలక ఇంకొకటి అమర్చుకోవచ్చు.

చేయలేకపోవడం, చేయనివ్వకపోవడం

మూడో కారణం కాస్త చిక్కైనది. 13 అనే అంకెను ద్విసంఖ్యా పద్ధతిలో 1101 అని రాస్తాం. ఇందులో ఒకట్లు ఎన్ని? మూడు. ఇలా ఒకట్లను లెక్కపెట్టడానికి ప్రాసెసరులో 'పాప్‌కౌంట్' అనే ఆజ్ఞ ఒకటి ఉంటుంది. 2024లో వచ్చిన విండోస్ 11 కూర్పుకు ఈ ఆజ్ఞ తప్పనిసరి. ఇంటెల్ ప్రాసెసర్లకు ఈ విద్య 2008లో వచ్చింది. అంతకు ముందటి ఇంటెల్ ప్రాసెసరు ఆ కూర్పును నిజంగానే నడపలేదు. ఇది చేయలేకపోవడం.

మరి 2012 నాటి ప్రాసెసరు? దానికి ఆ ఆజ్ఞ తెలుసు. అయినా అది మైక్రోసాఫ్ట్ వారి జాబితాలో లేదు. కొన్ని మినహాయింపులు తప్ప ఇంటెల్‌లో 2017లో మొదలైన ఎనిమిదో తరమూ, తరువాతివే జాబితాలో ఉన్నాయి. 'టీపీఎం 2.0' అనే కాపలాదారు కూడా ఉండాలన్నారు. ఇది రహస్య తాళపుచెవులను భద్రంగా దాచే ఏర్పాటు. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు ఎవరైనా దొంగచాటుగా మార్పులు చేశారేమో కనిపెట్టడానికీ తోడ్పడుతుంది. భద్రత కోసమే ఈ నియమాలని కంపెనీ వాదన. అందులో నిజముంది. కాని ఇది ప్రకృతి నియమం కాదు, మనుషులు గీసిన గీత. ఇది చేయనివ్వకపోవడం. ఈ రెండింటి తేడా గుర్తుంచుకోండి.

మరి ఏం చేయాలి?

విండోస్ 10కు మామూలుగా ఇచ్చే ఉచిత మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఆనాడు కంప్యూటర్లు ఆగిపోలేదు. కాని కొత్తగా బయటపడే కన్నాలను పూడ్చేవారు లేకపోతే ఇంటర్నెట్టులో దొంగల భయం రోజురోజుకూ పెరుగుతుంది. ఇళ్ళలోని కంప్యూటర్లకు, నమోదు చేసుకుంటే, మరో ఏడాది గడువిచ్చారు.

కనుక తొందరపడి పారేయవద్దు, ఊరికే కూర్చోనూవద్దు. ముందు కారణం కనుక్కోండి. 'పీసీ హెల్త్ చెక్' అనే ఉచిత ప్రోగ్రాము లోపమెక్కడో చెబుతుంది. కొన్నిటిలో టీపీఎం ఉండి కూడా నిద్రపోతూ ఉంటుంది. సెట్టింగులలో దాన్ని మేల్కొలిపితే చాలు. ప్రింటరుకు డ్రైవరు ఉందో లేదో విండోస్ మార్చకముందే చూడాలి, మార్చిన తరువాత కాదు.

ఏ దారీ లేకపోతే లైనక్స్ ఉంది. పెన్‌డ్రైవు నుంచే నడిపి, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. అయితే విండోస్ కోసం రాసిన డి.టి.పి. ప్రోగ్రాములు అందులో నడవకపోవచ్చు. లైనక్స్ కూడా పాతవాటిని ఎల్లకాలం మోయదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని 386 ప్రాసెసరు మీదనే రాశాడు. 2013లో ఆ 386నే అది వదిలిపెట్టింది!

మీరూ చేయండి

మీ బడిలోని కంప్యూటర్ల పట్టిక తయారుచేయండి. ప్రాసెసరు తరం, మెమరీ, టీపీఎం, ప్రింటరు డ్రైవరు అని నాలుగు గళ్ళు గీయండి. 'చేయలేదు' ఎన్ని, 'చేయనివ్వరు' ఎన్ని, చిన్న మార్పుతో సరిపోయేవి ఎన్ని, లెక్క తేల్చి మీ ఉపాధ్యాయులకు చూపండి. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం 1998 నుంచి మన హైదరాబాదులోనే ఉంది. రేపు మీలో ఎవరైనా అలాంటి చోట కూర్చుని గీత ఎక్కడ గీయాలో నిర్ణయించవచ్చు. ఆనాడు గీతకు ఇవతల ఉండిపోయే చిన్న దుకాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.